ఒక నట్టు మీద రెండు వంతెనలు

వస్తువు కదలకుండా ఉండాలంటే దాని మీద బలాల మొత్తం సున్నా, టార్కుల మొత్తమూ సున్నా. ఇంటర్లో బట్టీ కొట్టాం, మార్కులొచ్చాయి, మర్చిపోయాం. అందులో మొదటి సగం, అదీ ఒక్క నట్టు దగ్గర, ఎవరూ సరిచూడకపోతే ఏమైందో చెప్తాను.

అమెరికాలో కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్ 1980లో మొదలైంది. లాబీలో కప్పు నుంచి వేలాడే నడక వంతెనలుండేవి. నాలుగో అంతస్తు వంతెనకి సరిగ్గా కింద రెండో అంతస్తుది. మొదటి డిజైన్లో ఒకే పొడుగాటి ఉక్కు కడ్డీ రెండు వంతెనల దూలాల్లోంచీ దిగుతుంది. ఒక్కో దూలం కింద ఒక్కో నట్టు. ఒక్కో వంతెన బరువులో ఆ కడ్డీ వాటా 100 అనుకుందాం. పై నట్టు మోసేది 100, కింది నట్టు మోసేదీ 100.

అంత పొడుగునా మర చెక్కడం కష్టమని తయారీదారులు చిన్న మార్పు అడిగారు. ఒక కడ్డీ బదులు రెండు: ఒకటి కప్పు నుంచి పై దూలానికి, రెండోది పై దూలం నుంచి కింది దూలానికి. చూడ్డానికి పెద్ద తేడా లేదు. ఇంజనీరు ముద్ర పడిపోయింది.

ఇప్పుడు పై దూలాన్ని విడిగా గీసి బాణాలు పెట్టండి. కిందికి తన బరువు 100, కింది కడ్డీ లాగేది ఇంకో 100. పైకి ఆపేది ఒక్క నట్టు. అంటే 200! కప్పు దగ్గర కడ్డీ మీద భారం మారలేదు, నట్టు దగ్గర మాత్రం రెట్టింపైంది.

1981 జులై 17 సాయంత్రం, లాబీలో డాన్సు జరుగుతుండగా పై దూలం ఆ నట్టు మీంచి చీలి జారిపోయింది. రెండు వంతెనలూ జనం మీద పడ్డాయి. 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్ కూడా నిబంధనలు అడిగిన బలంలో 60 శాతమే మోయగలదని తర్వాత విచారణలో తేలింది. మార్పు అందులోనూ సగం చేసింది. ఇద్దరు ఇంజనీర్లు మిస్సోరీలో లైసెన్సు పోగొట్టుకున్నారు.

ఆ లెక్కకి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. మూడు బాణాలు, రెండు నిమిషాలు. మార్పు అడిగినవాళ్ళు ఇంజనీరు చూస్తాడనుకున్నారు, ఇంజనీరు ఇంకెవరో చూసే ఉంటారనుకున్నాడు.

"చిన్న ఛేంజే కదా" అని రివ్యూలో చూడకుండా ఓకే కొట్టిన రోజులు నాకూ ఉన్నాయి. మార్పు ఎంత చిన్నదన్నది కాదండీ, దాని తర్వాత బరువు ఎవరి మీద పడుతోందన్నది చూడాలి. ఈసారి అప్రూవ్ నొక్కే ముందు ఒక్కసారి బాణాలు గీసి చూద్దాం.