క్షయ నుంచి హెచ్.ఐ.వి. వరకు: విటమిన్ డి రోగనిరోధక చరిత్ర

విటమిన్ డి అనగానే ఎముకలు, రికెట్స్ వ్యాధి స్ఫురించడం సహజం. అంటువ్యాధులతో దాని సంబంధం మాత్రం ఆ పేరు పుట్టకముందే మొదలైంది. 19వ శతాబ్దపు లండన్‌లో బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు క్షయరోగులకు కాడ్ చేప కాలేయపు నూనెను ఇచ్చేవారు. చర్మక్షయను కాంతితో నయం చేసినందుకు డెన్మార్క్‌కు చెందిన నీల్స్ ఫిన్సెన్ 1903లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ విజయాన్ని విటమిన్ డి ఖాతాలో వేయడం నేటికీ పరిపాటి. కానీ ఫిన్సెన్ దీపాల కటకాలు ఆ విటమిన్ తయారీకి అవసరమైన హ్రస్వ తరంగాలను అడ్డుకునేవని తరువాతి పరిశోధకులు తేల్చారు. పొరపాటు ఇక్కడే మొదలైందనవచ్చు.

1940లలో ఫ్రాన్స్, బ్రిటన్ వైద్యులు చర్మక్షయకు కాల్సిఫెరాల్‌ను భారీ మోతాదుల్లో వాడారు. రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగడం ఆ చికిత్సకు అవరోధమైంది. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వచ్చాక ఆ పద్ధతి మరుగున పడింది.

1986లో రూక్ బృందం మానవ మోనోసైట్లలో క్షయ క్రిమి పెరుగుదలను విటమిన్ డి నిరోధిస్తుందని చూపడంతో ఈ చర్చ మళ్ళీ మొదలైంది. 2006లో, ఆ విటమిన్ సాయంతో మాక్రోఫేజ్ కణాలు కేథెలిసిడిన్ అనే క్రిమినాశక పెప్టైడ్‌ను తయారుచేసుకొంటాయని వెల్లడైంది. ఆ తరువాత కాంప్‌బెల్, స్పెక్టర్ పరిశోధనలు మాక్రోఫేజ్‌లలో హెచ్.ఐ.వి. వృద్ధిని కూడా అది తగ్గించగలదని చూపాయి. కణం తన లోపలి భాగాలను తానే జీర్ణించుకొనే ఆటోఫేజీ ప్రక్రియ ఇందుకు ఆధారం.

రోగులలో కనిపించిన ఆధారం మరో రకమైనది. 1994లో నార్వే పరిశోధకులు హెచ్.ఐ.వి. సోకినవారిలో క్రియాశీల విటమిన్ డి తక్కువగా ఉందనీ, రోగనిరోధక శక్తి క్షీణతతో, ఆయుష్షుతో దానికి సంబంధం ఉందనీ ప్రకటించారు. అయితే ఈ లోపం వ్యాధికి కారణమా, ఫలితమా? దీర్ఘకాలిక జ్వలనం, పోషకాహార లోపం, ఆరుబయట తిరగలేని అశక్తత – ఇవన్నీ విటమిన్‌ను తగ్గించగలవు. చికిత్సకు వాడిన ఎఫావిరెంజ్ సైతం దాని స్థాయిని తగ్గిస్తుంది. టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలయిక భారత జాతీయ కార్యక్రమంలో కొన్నేళ్లు ప్రథమ శ్రేణి చికిత్సగా ఉంది. కనుక తెలుగు రాష్ట్రాల ఏ.ఆర్.టి. కేంద్రాల రోగులలో ఈ లోపం కనిపిస్తే, దానిని వైరస్‌కే అంటగట్టడం తొందరపాటు.

ఈ ప్రశ్నకు టాంజానియాలోని దారెస్సలాంలో పరీక్ష జరిగింది. విటమిన్ డి తక్కువగా ఉండి, ఏ.ఆర్.టి. ప్రారంభిస్తున్న 4,000 మందిలో కొందరికి విటమిన్ డి3, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2020లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మరణాలలో గానీ, ఊపిరితిత్తుల క్షయలో గానీ తగ్గుదల లేదు. ప్రయోగశాలలో రుజువైన యంత్రాంగం అసత్యం కాదు. రోగి శరీరంలో దాని పాత్ర ఊహించినంత నిర్ణయాత్మకం కాదు.

2015లో వెలువడిన ఒక అమెరికన్ పరీక్షలో, కాల్షియంతో కలిపి విటమిన్ డి ఇచ్చినప్పుడు చికిత్స తొలి ఏడాదిలో ఎముకల సాంద్రత నష్టం దాదాపు సగానికి తగ్గింది. హెచ్.ఐ.వి. రోగికి దాని నిరూపిత ప్రయోజనం ఎముకలలోనే కనిపించింది.