బేరం గదిలో నాలుగో కుర్చీ

1976లో సుప్రీంకోర్టు ముందుకు ఒక నూనె కేసు వచ్చింది. మహారాష్ట్రలో ఖురాసానీ నూనెలో వేరుశెనగ నూనె కలిపి అమ్మారన్నది నేరం. నిందితులు కింది కోర్టులో తప్పు ఒప్పేసుకున్నారు, జరిమానాతో బయటపడ్డారు. ప్రాసిక్యూషనూ డిఫెన్సూ కోర్టూ లోపాయికారీగా ఒక మాట అనుకునే ఈ పని చేశాయేమోనని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్‌కు అనుమానం కలిగింది. ఇలాంటి ముందస్తు ఏర్పాట్లు అందరికీ బాగానే ఉంటాయి, ఎక్కడో దూరంగా ఉన్న బాధితుడికి, నోరులేని సమాజానికి తప్ప అని ఆయన తీర్పులో రాశాడు. జైలు తప్పినందుకు వ్యాపారికి సంతోషం, కేసు ఒకటి తగ్గినందుకు మేజిస్ట్రేటుకు, శిక్ష పడిందని రాసుకోవచ్చు గనక ప్రాసిక్యూటరుకు సంతోషం. కల్తీ నూనె తిన్నవాణ్ణి ఎవరూ అడగలేదు.

నాలుగేళ్లకు, 1980లో, గుజరాత్ నుంచి వచ్చిన మరో ఆహార కల్తీ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇంకా గట్టిగా మాట్లాడాడు. బేరం పెట్టి నేరం ఒప్పించడం రాజ్యాంగానికే విరుద్ధమన్నాడు. ఆయన దిగులు వేరు. ఏ తప్పూ చేయనివాడు కూడా ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగలేక, ఏదో చిన్న శిక్షతో పోతుంది కదా అని ఒప్పేసుకుంటాడేమోనన్నది ఆ దిగులు. అది న్యాయమైనదే. కానీ అందులో కృష్ణయ్యర్ ప్రస్తావించిన ఆ దూరపు మనిషి మరుగున పడ్డాడు.

అప్పటి కోర్టుల్లో బాధితుడి స్థానమే అలాంటిది. రిపోర్టు రాసిచ్చి స్టేషన్ మెట్లు దిగాడంటే కేసు ఇక సర్కారుది. ఛార్జిషీటులో అతను ఎల్‌డబ్ల్యూ-1, అంటే జాబితాలో మొదటి సాక్షి; విచారణ మొదలైతే పీడబ్ల్యూ-1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి. సమన్లు అందితే రావాలి, బోనెక్కి అడిగినదానికి చెప్పాలి, సంతకం పెట్టి పోవాలి. కేసు ఏమైందో తెలియాలంటే కోర్టు కానిస్టేబుల్ని బతిమాలుకోవాలి.

బాధితుణ్ణి ఇలా పక్కన పెట్టడం ఎంత దూరం పోగలదో 1989 ఫిబ్రవరిలో దేశమంతా చూసింది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు వెలువడింది. మరుసటి ఏడాది పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, బాధితులందరి తరఫునా దావా నడిపే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికే అప్పగించింది. సుప్రీంకోర్టులో అప్పుడు నడుస్తున్నది మధ్యంతర పరిహారం మీది అప్పీలు మాత్రమే. ఆ వాదనల మధ్యలోనే, ఫిబ్రవరి 14న, ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎస్. పాఠక్ ధర్మాసనం ఒప్పందం ప్రకటించింది: కంపెనీ 47 కోట్ల డాలర్లు కట్టాలి, దానితో అన్ని దావాలూ ముగియాలి. సివిలు లెక్కలతో ఆగలేదు, క్రిమినల్ కేసులు కూడా కొట్టేశారు. పోయినవాళ్ల కుటుంబాలకు, ఊపిరితిత్తులు పాడై ఇంకా దగ్గుతున్న వాళ్లకు ముందుగా ఒక్క నోటీసు లేదు. వాళ్ల పేరు మీద ప్రభుత్వం బేరమాడింది, కోర్టు ముద్ర వేసింది.

బాధితుల సంఘాలు ఊరుకోలేదు. రివ్యూ పిటిషన్లు పడ్డాయి, ఢిల్లీలో ధర్నాలు జరిగాయి. 1991 అక్టోబరు 3న సుప్రీంకోర్టు డబ్బు ఒప్పందాన్ని అలాగే ఉంచి, క్రిమినల్ కేసుల కొట్టివేతను మాత్రం రద్దు చేసింది. 2010లో భోపాల్ మేజిస్ట్రేటు కోర్టు కొందరు భారతీయ అధికారులకు రెండేళ్ల శిక్ష వేయగలిగిందంటే ఆ రివ్యూ చలవే. రెండేళ్లేనా అని మండిపడ్డవాళ్ల కోపంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించదు. ఆ రెండేళ్లు కూడా కాగితం మీదికి రావడానికి ఇరవయ్యేళ్లు పోరాడాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే, నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించే ఈ బేరాన్ని, అంటే ప్లీ బార్గెయినింగ్‌ను, మన చట్టంలోకి తెమ్మని లా కమిషన్ మొదట సిఫారసు చేసింది కూడా ఆ 1991లోనే, తన 142వ నివేదికలో. దాన్ని కదిలించింది భోపాల్ కాదు, జైళ్లు. శిక్ష పడితే ఎన్నాళ్లుండాలో అంతకంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గుతున్న మనుషులు. 1996లో జస్టిస్ కె. జయచంద్రారెడ్డి అధ్యక్షతన వచ్చిన 154వ నివేదిక ఆ సిఫారసును మళ్లీ బలపరిచింది. అదే నివేదికలో నేర బాధితుల గురించి విడిగా ఒక అధ్యాయం ఉంది. 2003లో నేర న్యాయ వ్యవస్థ సంస్కరణల మీద వేసిన మలిమత్ కమిటీ ప్లీ బార్గెయినింగ్‌కు మద్దతు పలికింది, కేసులో బాధితుణ్ణి కక్షిదారుగా చేర్చుకోవాలని కూడా చెప్పింది. ఒక దారి ఖైదీ కోసం, ఇంకో దారి బాధితుడి కోసం. రెండూ కలిసిన చోటు 2005 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం. నేర విచారణ ప్రక్రియ స్మృతి (సీఆర్‌పీసీ)లో 21-ఏ అధ్యాయంగా 2006 జులై 5న అది అమల్లోకి వచ్చింది.

2024 దాకా అమల్లో ఉన్న ఆ అధ్యాయం గీసిన హద్దులు ఇవి: ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు. స్త్రీల మీద, పద్నాలుగేళ్లలోపు పిల్లల మీద జరిగిన నేరాలకు వర్తించదు. దేశ సామాజిక, ఆర్థిక స్థితిని దెబ్బతీసేవని కేంద్రం ప్రకటించిన నేరాలకూ వర్తించదు. నిందితుడే అఫిడవిట్‌తో దరఖాస్తు పెట్టుకోవాలి. జడ్జి మిగతా అందరినీ బయటికి పంపి, అతనొక్కణ్ణే కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతపెట్టారా అని విచారించాలి. భగవతి దిగులుకు ఇది జవాబు. ఆ తర్వాతే పబ్లిక్ ప్రాసిక్యూటరుకు, దర్యాప్తు చేసిన పోలీసు అధికారికి, నిందితుడికి, బాధితుడికి నోటీసులు వెళ్తాయి. నలుగురూ కూర్చుని అందరికీ సమ్మతమైన పరిష్కారం తేల్చుకోవాలి. కుదిరితే కాగితం మీద జడ్జితో పాటు పాల్గొన్నవాళ్లంతా సంతకం పెట్టాలి. బాధితుడికి ఒప్పుకున్న పరిహారం కోర్టు ఇప్పించి తీరాలి. నిందితుడికి శిక్ష తగ్గుతుంది: కనీస శిక్ష ఉన్న నేరమైతే అందులో సగం, లేకపోతే పడదగ్గ శిక్షలో నాలుగో వంతు.

ఇక్కడ అమెరికా మాట ఎత్తక తప్పదు. బేరాలకు పుట్టినిల్లది. అక్కడి ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో పదింట తొమ్మిదికి పైగా నేరం ఒప్పుకోవడం వల్ల పడేవే. బాధితుల హక్కుల చట్టం 2004లో వచ్చింది, ప్రభుత్వ న్యాయవాదితో మాట్లాడే హక్కు ఇచ్చింది. కానీ 2007లో ఫ్లోరిడాలో జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో ప్రాసిక్యూటర్లు కుదుర్చుకున్న రహస్య ఒప్పందం గురించి బాధిత యువతులకు చెప్పలేదు. ఇది చట్ట ఉల్లంఘనేనని 2019లో ఒక జడ్జి తేల్చాడు. అయితే ఫెడరల్ కోర్టులో అభియోగమే దాఖలు కానప్పుడు ఆ హక్కు కోసం దావా వేయడం కుదరదని 2021లో పై కోర్టు మెజారిటీతో చెప్పింది. మధ్యలో 2015లో, బేరం సంగతి సకాలంలో తెలియజేయాలని చట్టంలో ఒక క్లాజు చేర్చారు. మన చట్టం బేరాన్ని ఛార్జిషీటు పడ్డాక, కోర్టు కళ్లెదుటే జరపమంది. ఈ ఒక్క విషయంలో మనవాళ్లు మొదటే మెరుగ్గా ఆలోచించారని ఒప్పుకోవాలి.

అయితే బాధితుడికి కుర్చీ వేశారు గానీ అందులో కూర్చునేదెవరో రాయలేదు. ఊరి బయట లారీ గుద్ది ఒక మనిషి పోయాడనుకోండి. నిర్లక్ష్యంతో మరణం కలిగించినందుకు ఐపీసీ 304-ఏ కింద కేసు, అప్పట్లో గరిష్ఠంగా రెండేళ్లు, కాబట్టి ఈ అధ్యాయంలోకి వస్తుంది. బాధితుడు బతికి లేడు. అతని తరఫున వచ్చేదెవరు? భార్యా, తండ్రా, రిపోర్టు ఇచ్చిన వీఆర్‌ఓనా? ‘బాధితుడు’ అంటే ఎవరో అప్పటికి కోడ్‌లో నిర్వచనమే లేదు. 2009 డిసెంబరు 31న అమల్లోకి వచ్చిన మరో సవరణ ఆ లోటు తీర్చింది. నష్టపోయినవాడితో పాటు సంరక్షకుణ్ణి, చట్టబద్ధ వారసుణ్ణి కూడా బాధితుల్లో చేర్చింది. నిందితుణ్ణి వదిలేసినా, శిక్ష చిన్న నేరానికే పడినా, పరిహారం చాలకపోయినా అప్పీలు చేసుకునే హక్కు ఇచ్చింది. బేరంతో ముగిసిన కేసులో మాత్రం ఆ అప్పీలు లేదు. అది తుది తీర్పు. కాదంటే హైకోర్టులో రిట్, లేదా సుప్రీంకోర్టు గడప.

ఇంత కట్టుదిట్టంగా కట్టిన గది చాలా కోర్టుల్లో ఖాళీగానే ఉంటోంది. కారణం వకీళ్లందరికీ తెలిసిందే. రాజీకి వీలున్న నేరమైతే లోక్ అదాలత్‌లో కాంప్రమైజ్ చేసుకుంటే నిందితుడు నిర్దోషిగా బయటపడతాడు. వీలులేని నేరమైనా హైకోర్టుకు వెళ్లి రాజీ చూపించి కేసు కొట్టేయించుకునే దారి ఉంది. ప్లీ బార్గెయినింగ్‌లో మాత్రం శిక్ష తగ్గినా దోషి అన్న ముద్ర పోదు. ఉద్యోగం, పాస్‌పోర్టు ఉన్నవాడు ఆ ముద్ర ఎందుకు వేయించుకుంటాడు? అందువల్ల అసలు బేరాలు ఊరి పెద్దల అరుగు మీద, వకీలు ఆఫీసులో, కోర్టు ఎదుటి టీ కొట్టు దగ్గర సాగిపోతున్నాయి. అక్కడ ఎవరు బెదిరించారో అడిగే జడ్జి ఉండడు. బాధితుడికి నోటీసుతో దక్కిన రక్షణ, నోటీసు అవసరం లేని చోటికి బేరం జరిగిపోవడంతో వట్టిపోయింది.

సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఇంకో వైపు నుంచి బాధితుడి హక్కును పెద్దది చేసింది. రైతుల మీదికి వాహనాలు తోలిన లఖింపుర్ ఖేరీ కేసులో నిందితుడి బెయిలు విచారణ ఆన్‌లైన్‌లో నడుస్తుండగా బాధితుల తరఫు వకీలు లైను తెగిపోయింది. మళ్లీ వినమన్నా హైకోర్టు వినలేదు. బెయిలు రద్దు చేస్తూ అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం, దర్యాప్తు మొదలుకొని అప్పీలు దాకా ప్రతి దశలోనూ బాధితుడి మాట వినాలని చెప్పింది.

2024 జులై 1న సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ప్లీ బార్గెయినింగ్ 289 నుంచి 300 వరకు సెక్షన్లకు మారింది. అభియోగాలు ఖరారైన ముప్పై రోజుల్లో దరఖాస్తు, అరవై రోజుల్లోగా పరిష్కారం అన్నారు. మొదటిసారి నేరం చేసినవాడికి శిక్ష ఇంకా తగ్గించారు. ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకోవాలన్నా ఇక బాధితుడి మాట వినకుండా కోర్టు అనుమతించకూడదు. భోపాల్ జ్ఞాపకమున్నవాళ్లు ఆ ఒక్క వాక్యం కోసం ఎదురుచూశారు.

కానీ 291వ సెక్షన్ తీసి చదవండి. పోలీసు రిపోర్టు మీద నడిచే కేసులో నిందితుడు కోరుకుంటే తన అడ్వొకేటును వెంట తెచ్చుకోవచ్చని రాసి ఉంది. ప్రైవేటు ఫిర్యాదు మీద నడిచే కేసులో ఆ మాట బాధితుడికీ వర్తిస్తుందని రాసి ఉంది. మన కోర్టుల్లో నడిచే కేసుల్లో అత్యధికం పోలీసువే. వాటిలో నిందితుడి పక్కన వకీలు ఉంటాడు, ప్రాసిక్యూటరు తానే వకీలు, పోలీసు అధికారికి ఆ గదులు కొట్టినపిండి. భర్త పోయిన మనిషి మాత్రం పరిహారం ఎంత అడగాలో, ఏ కాగితం మీద సంతకం పెడుతోందో చెప్పే దిక్కు లేకుండా ఒంటరిగా కూర్చోవాలి. 2005లో రాసిన ఆ తేడాను, కోడ్ మొత్తం తిరగరాసినప్పుడు కూడా, ఎవరూ ముట్టుకోలేదు.