బొమ్మ ఎక్కడ ఆగుతోంది?
టీవీ దారిలోని అడ్డంకులకు యాభై ఏళ్ల చరిత్ర

తెలుగు పల్లెకు టీవీ బొమ్మ వచ్చే దారి యాభై ఏళ్లలో అయిదుసార్లు మారింది. మారిన ప్రతిసారీ బొమ్మ ఆగిపోయే చోటు కూడా మారింది. ఆ చోటు మొదట ఆకాశంలో ఉండేది. తర్వాత ఇంటి మీది యాంటెన్నా గొట్టానికి, అక్కడి నుంచి వీధి స్తంభానికి, డిష్ మీద కురిసే వానకు, ఇంటర్నెట్ తీగకు మారుతూ వచ్చింది. సినిమాలనూ పెళ్లి వీడియోలనూ ఇంట్లోనే ఒక కంప్యూటర్‌లో దాచి టీవీకి పంపుకునే మీడియా సర్వర్ వచ్చాక అది నాలుగు గోడల మధ్యకే చేరింది. ఈ దారులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరిన గ్రామీణ తెలంగాణలో జగదేవ్‌పూర్ మండలం ఒక భాగం. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడే వరకు ఈ మండలం మెదక్ జిల్లాలో ఉండేది.

ఆకాశం నుంచి

తెలుగు పల్లెల్లో టీవీ కథ 1975 ఆగస్టు 1న మొదలైంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ఏడాది పాటు నడిపిన ప్రయోగం పేరు సైట్. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు ఉపగ్రహం నుంచి నేరుగా కార్యక్రమాలు అందాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హిందీ, కన్నడ, ఒడియాలతో పాటు తెలుగులోనూ కార్యక్రమాలు తయారయ్యాయి. పొద్దున బడిపిల్లల పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, ఆటపాటలు చూపేవారు.

ఊరికి ఒకటే టీవీ. సుమారు పది అడుగుల వెడల్పున కోళ్ల గూళ్లకు వాడే వలతో చేసిన గొడుగు యాంటెన్నా దానికి తోడు. ఈ సెట్లను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో నడిపారు. బొమ్మ ఆగితే ఊరివాళ్లు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. సెట్టును చూసుకునే మనిషి కబురు పంపాలి, మరమ్మతు బృందం రావాలి. 1976 జులై 31తో ఒప్పందం ముగిసింది, ఉపగ్రహం భారత్ మీది సేవ నుంచి తప్పుకుంది. అంతటితో ఆ గొడుగుల్లోకి వచ్చే సంకేతమే లేకుండా పోయింది. మన చేతిలో లేని చోట బొమ్మ ఆగడానికి అంతకు మించిన ఉదాహరణ లేదు.

యాంటెన్నా గొట్టం

సైట్ పల్లెలకు టీవీ కొనసాగించాలన్న ప్రయత్నంలో భాగంగా నేల మీది ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న ప్రసారాలు మొదలుపెట్టింది. 1982 ఆగస్టు 15న దూరదర్శన్ జాతీయ కార్యక్రమాలు రంగుల్లోకి మారాయి. 1987 జనవరి 25న రామాయణం ధారావాహిక మొదలయ్యాక ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి ముందు వాడంతా చేరడం మామూలైంది.

ఈ తరంగాలు చూపు పోయే దారిలోనే బాగా ప్రయాణిస్తాయి. హైదరాబాద్ నుంచి దూరం పెరిగేకొద్దీ సంకేతం పలచబడుతుంది, నడుమ గుట్టలు అడ్డుపడతాయి. అందుకే నగరానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో పొడవాటి ఇనుప గొట్టానికి అడ్డకడ్డీల యాంటెన్నా, దానికి తోడు బూస్టర్ అవసరమయ్యేవి. గాలికి గొట్టం తిరిగితే తెర మీద చుక్కలు పడేవి. గుట్టకో పెద్ద కట్టడానికో తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం అసలు బొమ్మ పక్కన నీడ బొమ్మను వేసేది. బోరు మోటర్లు నడిచే వేళ ఓల్టేజీ పడిపోతే తెర అంచులు కుంచించుకుపోయేవి. టీవీతో పాటు స్టెబిలైజర్ కొనడం అందుకే అలవాటైంది.

లోపం వెతికే పని మొదటిసారి ఇంటివాళ్ల చేతికి వచ్చింది ఈ దశలోనే. ఒకరు మిద్దె ఎక్కి గొట్టం తిప్పేవారు, ఒకరు తెర చూస్తూ లోపలి నుంచి కేకేసేవారు. ఒక్కొక్క మార్పే చేసి వెంటనే ఫలితం చూడటం ఆ పద్ధతిలోని సారం. తప్పు స్టేషన్‌దే అయినప్పుడు దూరదర్శన్ తెర మీద ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అని వచ్చేది. ఆ మాట కనబడితే మిద్దె దిగవచ్చని అర్థం. లోపం ఇంట్లోదా బయటిదా అన్నది ఒక్క చూపుతో తేలిపోయేది.

స్తంభం మీది పెట్టె

1991లో స్టార్ టీవీ, 1992లో జీ టీవీ వచ్చాక నగరాల్లో కేబుల్ పాకింది. 1995లో జెమిని, ఈటీవీ మొదలవడంతో తెలుగు ఇళ్లకు కేబుల్ అవసరంగా మారింది. పెద్ద డిష్‌లతో ఉపగ్రహ సంకేతాలను పట్టి, కంట్రోల్ రూమ్ నుంచి తీగల మీద ఇంటింటికీ పంపే వ్యాపారం చిన్న పట్టణాలకూ పెద్ద పల్లెలకూ చేరింది. అదే ఏడాది కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం వచ్చింది.

కోయాక్సియల్ తీగలో సంకేతం పోయేకొద్దీ బలం తగ్గుతుంది. కాబట్టి దారి పొడవునా స్తంభాల మీద యాంప్లిఫయర్ పెట్టెలు అమర్చాలి. ఏ పెట్టెకు కరెంటు పోతే ఆ పెట్టె తర్వాతి ఇళ్లన్నింటికీ బొమ్మ పోతుంది. తీగను రెండుగా చీల్చే స్ప్లిటర్ ఒక్కొక్క పాయకు సగం కంటే తక్కువ బలాన్నే పంపుతుంది. జాయింటులోకి వాననీరు దిగినా బొమ్మ పాడవుతుంది.

కేబుల్ లైన్‌మన్ లోపాన్ని పట్టే తీరు చాలా సూటిది. ఫిర్యాదు చేసిన ఇంటికి ముందున్న ఇంట్లో బొమ్మ ఉందా అని అడుగుతాడు. లేకపోతే ఇంకా వెనక్కి పోతాడు. బొమ్మ ఉన్న చివరి చోటుకూ లేని మొదటి చోటుకూ నడుమే లోపం ఉంటుంది. పొడవైన దారిని ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కనూ విడిగా పరీక్షించే ఈ పద్ధతిని మించింది ఆ తర్వాత కూడా రాలేదు.

అంకెలుగా మారిన బొమ్మ

2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత సేవ డీడీ డైరెక్ట్ ప్లస్ మొదలయ్యాయి. చిన్న డిష్ ఇంటి గోడకు ఎక్కింది. కేబుల్ కూడా దశలవారీగా డిజిటల్‌కు మారక తప్పలేదు. హైదరాబాద్ రెండో దశలో, 2013 మార్చి 31 గడువుతో మారింది. గ్రామీణ ప్రాంతాలు నాలుగో దశలోకి వచ్చాయి. వాటి గడువు 2017 మార్చి 31.

దీంతో బొమ్మ చెడిపోయే తీరే మారిపోయింది. పాత పద్ధతిలో సంకేతం తగ్గేకొద్దీ చుక్కలు పెరిగేవి కానీ మనిషి మొహం, మాట అందుతూనే ఉండేవి. డిజిటల్‌లో బొమ్మ అంకెలుగా వస్తుంది. కొన్ని అంకెలు పోయినా టీవీ పక్కని సెట్‌టాప్ పెట్టె వాటిని లెక్కగట్టి పూడ్చుకుంటుంది. కొంత హద్దు వరకు బొమ్మ శుభ్రంగా ఉంటుంది. హద్దు దాటగానే గళ్లు గళ్లుగా పగిలి నిలిచిపోతుంది. చిన్న డిష్‌లు వాడే తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది, పెద్ద వాన దాన్ని మింగేస్తుంది. చెడిపోబోతున్నట్టు ముందుగా ఏ ఆనవాలూ ఇవ్వకపోవడం డిజిటల్ బొమ్మ స్వభావం. లోపం వెతకడం కష్టమైంది అందువల్లే.

నీళ్ల గొట్టం పక్కన గాజు తీగ

బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో ఫోను తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ దాని వేగం తగ్గేది. పంచాయతీలకు ఫైబర్ చేర్చే జాతీయ పథకానికి 2011లో ఆమోదం వచ్చింది. దాని తొలి ప్రయోగ స్థలాల్లో అప్పటి విశాఖ జిల్లాలోని పరవాడ ఒకటి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక పల్లెల్లోనూ ఫోనులో వీడియో చూడటం రోజువారీ పని అయింది. 2020లో తెలుగుకే ప్రత్యేకమైన స్ట్రీమింగ్ సేవగా ఆహా మొదలైంది.

జగదేవ్‌పూర్ ఉన్న గజ్వేల్ నియోజకవర్గానికి ఈ కథలో ఒక ప్రత్యేకత ఉంది. ఇంటింటికీ తాగునీరు ఇచ్చే మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న ప్రధానమంత్రి ప్రారంభించింది గజ్వేల్ మండలంలోని కోమటిబండలోనే. నీళ్ల గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టం కూడా వేయాలన్నది తెలంగాణ ప్రభుత్వం టీ-ఫైబర్‌కు వేసుకున్న ప్రణాళిక. ఒకే తవ్వకంలో నీళ్లకూ బొమ్మకూ దారి పడుతుంది.

బఫరింగ్ అంటే ఏమిటో తెలుసుకోవడానికీ నీళ్ల పోలికే సరిపోతుంది. టీవీలో బఫర్ అనేది ఒక చిన్న తొట్టి. నెట్‌వర్క్ నుంచి వచ్చిన వీడియో ముందు అందులో నిండుతుంది, తెర దాన్ని సమవేగంతో వాడుకుంటుంది. నిండే వేగం వాడే వేగం కంటే తగ్గితే తొట్టి అడుగంటుతుంది. అప్పుడు బొమ్మ ఆగి, తెర మధ్యన చక్రం తిరుగుతుంది. తొట్టి మళ్లీ కొంత నిండాకే బొమ్మ కదులుతుంది. పెద్ద స్ట్రీమింగ్ సంస్థలు ఒకే సినిమాను అయిదారు పరిమాణాల్లో సిద్ధంగా పెట్టుకుంటాయి. నెట్ నెమ్మదిస్తే టీవీ తానే చిన్న ప్రతికి మారుతుంది. బొమ్మ కాస్త మసకబారినా ఆగదు.

ఇంటి లోపలి దారి

ఇంట్లో దాచుకున్న వీడియోకు ఆ సదుపాయం ఉండదు. పెళ్లి వీడియోనే చూడవచ్చు. ఒక తరానికి అది వీహెచ్‌ఎస్ క్యాసెట్, తర్వాతి తరానికి సీడీ, డీవీడీ, ఆ తర్వాత పెన్‌డ్రైవ్. క్యాసెట్‌కు బూజు పట్టింది, డీవీడీకి గీతలు పడ్డాయి. అన్నింటినీ ఒక హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి ఏ గదిలో టీవీకైనా పంపుకోవాలన్న కోరిక అక్కడ పుట్టింది. 2003లో సోనీ, ఇంటెల్ వంటి సంస్థలు కలిసి, ఇంట్లోని పరికరాలు వీడియోలను పంచుకోవడానికి డీఎల్‌ఎన్‌ఏ ప్రమాణానికి పునాది వేశాయి. ఎక్స్‌బాక్స్ ఆటపెట్టె కోసం పుట్టిన వీడియో ప్రోగ్రామ్ ఎక్స్‌బీఎంసీకి 2014లో కోడి అని పేరు మారింది. దాని నుంచే 2008లో ప్లెక్స్ అనే మీడియా సర్వర్ మొదలైంది. 2018 డిసెంబరులో ఎంబీ అనే మరో మీడియా సర్వర్ నుంచి చీలి, పూర్తిగా ఉచితమైన జెల్లీఫిన్ వచ్చింది.

వీటన్నింటిలోనూ సర్వర్ దగ్గర ఉండేది ఒక్కటే అసలు ఫైలు. మామూలు స్ట్రీమింగ్ సినిమాకు సెకనుకు 5 నుంచి 25 మెగాబిట్లు చాలు. పెళ్లిళ్లకు వాడే 4కే కెమెరాలు చాలావరకు సెకనుకు 100 మెగాబిట్లతో రికార్డు చేస్తాయి. గంట నిడివికి అది 45 గిగాబైట్లు. ఎన్నో టీవీల లాన్ పోర్టు హద్దు 100 మెగాబిట్లే. అందులో నిజంగా అందేది 94 దాకా ఉంటుంది. కెమెరా నుంచి దించిన ఫైలు అలాంటి పోర్టులో ఎప్పటికీ పట్టదు.

ఇక్కడే ఒక పాత అలవాటు అడ్డొస్తుంది. బొమ్మ ఆగితే తప్పు బయట ఉందనుకోవడం ఏళ్ల తరబడి నిజమే అయింది. అందుకే చాలామంది ముందుగా ఇంటర్నెట్ ప్లాన్ పెంచుతారు. సర్వరూ టీవీ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు వీడియో రౌటర్ దాటి వీధిలోకి పోనే పోదు. బయటి వేగం ఎంత పెంచినా ఈ బఫరింగ్‌లో మార్పు రాదు.

వెతికే పద్ధతి

ఇంట్లోని దారికి నాలుగు ముక్కలున్నాయి: ఫైలు, సర్వర్, నెట్‌వర్క్, టీవీ. లైన్‌మన్ పద్ధతినే ఇక్కడా వాడాలి.

ముందు, ఆగుతున్న ఫైలునే పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టాలి. అక్కడా తడబడితే నెట్‌వర్క్‌ను అనుమానించే ముందు ఫైలునూ టీవీనీ చూడాలి. ఫైలు రూపం, అంటే ఫార్మాట్, టీవీకి భారమై ఉండవచ్చు. 2013లో వచ్చిన హెచ్.265 అనే వీడియో రూపాన్ని అంతకు ముందటి టీవీలు చదవలేవు. డీటీఎస్ శబ్దాన్ని చాలా టీవీలు పలికించవు.

పెన్‌డ్రైవ్‌లో బాగా ఆడితే తర్వాత చూడాల్సింది సర్వర్. ప్లెక్స్, జెల్లీఫిన్‌ల డ్యాష్‌బోర్డులో వీడియో ఉన్నదున్నట్టుగా వెళ్తోందా, మార్చి పంపుతోందా అన్నది కనిపిస్తుంది. టీవీకి తెలియని రూపాన్ని సర్వర్ అప్పటికప్పుడు మరో రూపంలోకి మారుస్తుంది, దాన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. బొమ్మల రూపంలో ఉండే సబ్‌టైటిల్స్‌ను ఆన్ చేసినా వాటిని వీడియో మీద అచ్చువేయడానికి ఈ పని మొదలవుతుంది. పాత కంప్యూటర్ 4కే వీడియోను ఆడే వేగంతో మార్చలేదు, తొట్టి ఖాళీ అవుతుంది. సబ్‌టైటిల్స్ తీసేయగానే బొమ్మ సాఫీగా ఆడితే కారణం దొరికినట్టే. వాటి బదులు ఎస్‌ఆర్‌టీ అక్షర ఫైలు పెడితే చాలావరకు సమస్య తీరుతుంది. ప్రాసెసర్‌లో వీడియోకే కేటాయించిన భాగాన్ని, అంటే ఇంటెల్ 2011లో తెచ్చిన క్విక్ సింక్ వంటిదాన్ని, సెట్టింగుల్లో ఆన్ చేయడం మరో ఉపాయం.

వీడియో ఉన్నదున్నట్టే వెళ్తున్నా ఆగుతుంటే మిగిలింది నెట్‌వర్క్. వైఫై తీసేసి లాన్ తీగతో ఒకసారి ఆడించాలి. తీగతో బాగుంటే తప్పు గాలి దారిలో ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గోడలను బాగా దాటుతుంది, కానీ అందులో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు మూడే, 1, 6, 11. పొరుగిళ్ల రౌటర్లూ అక్కడే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది, అయితే మందపాటి రాతిగోడ, మట్టిగోడ, కాంక్రీటు స్లాబ్ దాన్ని బాగా అడ్డుకుంటాయి. రౌటర్‌ను మూల గది నుంచి టీవీ ఉన్న గదికి మార్చడం ఖర్చు లేని మందు. సర్వరూ టీవీ రెండూ వైఫై మీదే ఉంటే ఒకే వీడియో గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, కనీసం సర్వర్‌నైనా తీగతో కలపాలి. తీగతోనూ ఆగితే తీగనే అనుమానించాలి. లాన్ తీగలోని నాలుగు జతల్లో ఒకటి తెగితే 1,000 మెగాబిట్ల లింకు 100కు పడిపోవచ్చు.

ఏ పరీక్షలోనైనా ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అన్ని ముక్కలూ బాగుండి ఫైలే మరీ పెద్దదని తేలితే, హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో సెకనుకు 15 మెగాబిట్ల చిన్న ప్రతిని తయారుచేసుకోవాలి. అసలుది భద్రంగా దాచి, టీవీకి ఆ చిన్నదాన్ని పంపాలి. పెద్ద స్ట్రీమింగ్ సంస్థలు తమ సినిమాలన్నింటికీ ముందే చేసి పెట్టుకునే పని ఇదే. ఇంటి సర్వర్‌లో దాన్ని ఇంటివాళ్లే చేసుకోవాలి.