సమష్టి బాధ్యత: స్వతంత్ర భారత తొలి మంత్రివర్గ అనుభవం

1947 ఆగస్టు 15న జవహర్‌లాల్ నెహ్రూ నాయకత్వంలో పదవీ స్వీకారం చేసిన మంత్రివర్గాన్ని చరిత్రకారులు ఎక్కువగా సభ్యుల ప్రతిభా వైవిధ్యాల దృష్టితోనే పరిశీలించారు. ఆ వైవిధ్యం లేవనెత్తిన ప్రశ్న అంతకన్నా ముఖ్యమైనది. ప్రభుత్వ నిర్ణయం ఎవరిది? ప్రధానమంత్రిదా, ఆయా శాఖల మంత్రులదా, మంత్రివర్గం మొత్తానిదా? ఈ ప్రశ్నకు సమాధానం శాసన పాఠంలో కంటే తొలి మంత్రివర్గంలోని విభేదాలలోనే రూపుదిద్దుకొన్నదని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం రాష్ట్రాలలో 1937లో మంత్రివర్గాలు ఏర్పడినా, ఆ చట్టంలోని సమాఖ్య భాగం అమలులోకి రాలేదు. అందువల్ల కేంద్రంలో మంత్రివర్గ పాలనకు పూర్వానుభవం లేదు. 1946 సెప్టెంబరు 2న ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం చట్టరీత్యా వైస్రాయి కార్యనిర్వాహక మండలి మాత్రమే. నెహ్రూ దానికి ఉపాధ్యక్షుడు. అక్టోబరులో చేరిన ముస్లిం లీగు సభ్యులు దానిని ఒకే మంత్రివర్గంగా అంగీకరించలేదు. సమష్టి బాధ్యత లేని ప్రభుత్వం రెండు పక్షాలుగా చీలిపోతుందని ఆ కొద్ది నెలలలోనే తేటతెల్లమయింది.

ఈ నేపథ్యంలో 1947 నాటి కూర్పు సాహసోపేతమైనది. 14 మంది సభ్యులలో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ నాయకుడు అంబేద్కర్, హిందూ మహాసభకు చెందిన శ్యామాప్రసాద్ ముఖర్జీ, జస్టిస్ పార్టీ నేపథ్యం గల షణ్ముఖం చెట్టి, ఆర్థికవేత్త జాన్ మత్తాయ్ ఉన్నారు. ఒకే పక్షపు క్రమశిక్షణ వీరందరినీ బంధించలేదు. కనుక వారిని కలిపి ఉంచవలసింది సంప్రదాయమే. అది ఇంకా ఏర్పడవలసి ఉంది.

అయితే తొలి తీవ్ర పరీక్ష కాంగ్రెసేతరుల నుండి రాలేదు. 1947 చివర అజ్మీరులో మతకల్లోలాలు చెలరేగినపుడు నెహ్రూ తన ముఖ్య ఆంతరంగిక కార్యదర్శి హెచ్.వి.ఆర్. అయ్యంగార్‌ను అక్కడికి పంపాడు. హోంమంత్రి వల్లభభాయి పటేల్ దీనిని తన శాఖలో జోక్యంగా భావించాడు. 1948 జనవరిలో ఇరువురూ తమ వాదాలను గాంధీజీకి లిఖితపూర్వకంగా నివేదించారు. అన్ని శాఖలను సమన్వయపరచి, అవసరమైతే మార్గనిర్దేశం చేసే స్వేచ్ఛ ప్రధానికి ఉండాలని నెహ్రూ వాదం. ప్రధాని సమానులలో ప్రథముడేగాని సహచరులపై అధికారి కాడని పటేల్ వాదం. జనవరి 30న గాంధీజీ హత్యకు గురయ్యాడు. ఆ విషాదం ఇరువురినీ కలిపింది. ప్రశ్న మాత్రం పరిష్కారం కాలేదు.

1948 డిసెంబరులో రాజ్యాంగ సభ ముందు ఇదే సమస్య మరో రూపంలో నిలిచింది. సమష్టి బాధ్యతను అమలు చేయగల సాధనం ప్రధానమంత్రి పదవి ఒక్కటేనని అంబేద్కర్ వివరించాడు. ప్రధాని సలహాతోనే మంత్రుల నియామకం, ఆయన కోరితే తొలగింపు జరగాలన్నది ఆయన ప్రతిపాదించిన సూత్రం. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని 75వ అధికరణం నిర్దేశించింది. కాని మంత్రికీ ప్రధానికీ భేదం వస్తే ఏమి చేయాలో రాజ్యాంగం చెప్పలేదు.

ఆ ఖాళీని పూరించినవి రాజీనామాలు. 1950 ఏప్రిల్‌లో నెహ్రూ-లియాఖత్ ఒప్పందాన్ని అంగీకరించలేక ముఖర్జీ తప్పుకొన్నాడు. ప్రణాళికా సంఘం సమాంతర మంత్రివర్గంగా మారుతుందన్న భయం అదే సంవత్సరం మత్తాయ్ నిష్క్రమణకు ఒక ప్రధాన కారణం. 1951 సెప్టెంబరులో హిందూ కోడ్ బిల్లు మొదలైన కారణాలతో అంబేద్కర్ రాజీనామా చేశాడు. ఉపసంఘాలు ముందే చేసిన నిర్ణయాలను నమోదు చేసే కార్యాలయంగా మంత్రివర్గం మారిందన్నది ఆయన ఆరోపణలలో ఒకటి. ప్రధాని పదవిని సమష్టి బాధ్యతకు ఆధారంగా నిలిపిన వ్యక్తే, ఆ సమష్టితత్త్వం లోపించిందని చెప్పి వెళ్లిపోవడం గమనార్హం.

ఈ ఘటనలు రెండు సంప్రదాయాలను స్థిరపరచాయి. మంత్రివర్గ నిర్ణయంతో రాజీపడలేని మంత్రి లోపల ఉండి ధిక్కరించక, బయటికి వచ్చి విమర్శించాలి. అంతిమంగా మంత్రివర్గంలో నిలవవలసింది ప్రధాని మాట. మొదటిది సమష్టి బాధ్యతకు బలమైతే, రెండవది సమష్టి చర్చకు పరిమితి. ‘క్యాబినెట్’ అన్న మాట మూల రాజ్యాంగంలో లేదు. 1978 నాటి 44వ సవరణతోనే అది 352వ అధికరణంలోకి వచ్చింది. అత్యవసర పరిస్థితి విధింపునకు మంత్రివర్గపు లిఖితపూర్వక నిర్ణయం అవసరమని ఆ సవరణ నిర్దేశించింది. పటేల్ 1948లో లేవనెత్తిన ప్రశ్నకు, ఒక్క విషయంలోనైనా, మూడు దశాబ్దాల తరువాత రాజ్యాంగం ఇచ్చిన సమాధానంగా దీనిని పరిగణించవచ్చు.