పెన్షన్‌కి ఇరవై ఏళ్ళ సెలవు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చరిత్రలో ఒక వింత సెలవు ఉంది. 1990 నవంబరు నుంచి 2010 ఏప్రిల్ దాకా అక్కడి పెన్షన్ నిధికి యూనివర్సిటీ తన వాటా కట్టడం ఆపేసింది. ఉద్యోగుల జీతాల్లో కోసినదీ ఆ నిధికి వెళ్ళలేదు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ (యూసీఎల్‌ఏ) లాంటి క్యాంపస్‌లన్నిటికీ ఒకటే నిధి. మన పాత పెన్షన్ లాగే, రిటైరయ్యాక నెలకింత అని ముందే మాటిచ్చే పద్ధతి.

అవసరానికి మించి డబ్బుంది కదా అన్నారు. అవసరం ఎంతో ఎలా తెలుస్తుంది? నలభై ఏళ్ళ తర్వాత ఇవ్వాల్సిన డబ్బుకి ఇవాళే విలువ కట్టాలి. పెట్టుబడి మీద ఏటా 7.5 శాతం వస్తుందనుకుంటే బాకీ ఒక అంకె, 6.75 అనుకుంటే అంతకన్నా పెద్ద అంకె. ఎక్సెల్ షీట్‌లో ఒక్క గడి మారుతుంది, అంతే. ఆ గడిని నమ్ముకుని పద్దెనిమిదేళ్ళు గడిపాక 2008 వచ్చింది. మార్కెట్ కూలింది, మిగులు లోటయింది. 2013 జులై తర్వాత చేరినవాళ్ళకి పూర్తి లెక్కన పెన్షన్ అందే వయసుని 60 నుంచి 65కి జరిపారు. సెలవు అనుభవించినవాళ్ళు వేరు, బాకీ మోస్తున్నవాళ్ళు వేరు.

ఈ యూనివర్సిటీకే ఇంకో రకం ఆస్తీ ఉంది: ఫుట్‌బాల్ జట్లు. (కాలితో ఆడేది కాదు, అమెరికన్లది.) వాటిని అమ్మరు, కొనరు, అయినా ధర కడతారు. ఒహాయో స్టేట్ జట్టు విలువ 150 కోట్ల డాలర్లని ఒక ఫైనాన్స్ ప్రొఫెసర్ లెక్కేశాడు. ఆ ధరలో టీవీకి పెద్ద పాత్రే ఉంది. 1984లో సుప్రీంకోర్టు కాలేజీ ఆటల ప్రసారాల మీద ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని కొట్టేశాక, ఎవరి బేరం వాళ్ళది. 2022లో బిగ్ టెన్ లీగ్ ఏడేళ్ళకి 700 కోట్ల డాలర్లకి పైగా ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బు కోసమే యూసీఎల్‌ఏ 2024లో పాత లీగ్ వదిలి అందులో చేరింది. బర్క్‌లీ వెనకపడిపోయింది, అప్పటికే దానికి భూకంపాల పగులు మీద కట్టిన స్టేడియం మరమ్మతుల అప్పుంది. యూసీఎల్‌ఏ ఏడాదికి కోటి డాలర్ల చొప్పున మూడేళ్ళు బర్క్‌లీకి ఇవ్వాలని రీజెంట్లు తీర్పు చెప్పారు. తోబుట్టువుల మధ్య భరణం అన్నమాట!

2025లో ఈ రెండు కథలూ కలిశాయి. బిగ్ టెన్ తన భవిష్యత్ ఆదాయాల్లో పదో వంతు వాటాని 240 కోట్ల డాలర్లకి అమ్మజూపింది. కొనడానికి ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పెన్షన్ సొమ్ముని పెట్టుబడి పెట్టే విభాగమే. అంటే లీగ్ మొత్తం విలువ 2,400 కోట్ల డాలర్లని ఒప్పుకున్నట్టు. ఒప్పందంలో భాగంగా స్కూళ్ళు 2046 దాకా లీగ్‌ని వదలకూడదు. ఏటా 6.75 తేవాల్సిన నిధికి ఇది మరీ పిచ్చి ఆలోచనేం కాదు, టీవీలో ఫుట్‌బాల్ అంత గట్టి గిరాకీ ఉన్న సరుకు అమెరికాలో ఇంకోటి లేదు. కానీ ఆ 2046 చూస్తే నాకు మళ్ళీ ఎక్సెల్ గడే గుర్తొస్తుంది. అప్పటికి టీవీ ఎవరు చూస్తారో లెక్క కట్టే పద్ధతి, 1990లో మార్కెట్‌ని లెక్క కట్టిన పద్ధతికన్నా మెరుగైందేం కాదు.

మిషిగన్, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలు అడ్డం తిరిగాయి. నవంబరులో పెట్టుబడి విభాగం బేరాన్ని పక్కన పెట్టింది, ముందు 18 స్కూళ్ళూ ఒక్క మాట మీదకి రావాలంది.