వరంగల్ ఆర్‌ఈసీకి, సీరియల్ కేబుల్‌కి ఏడాదే తేడా!

1959 అక్టోబర్ 10న వరంగల్ ఆర్‌ఈసీకి నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇప్పుడదే ఎన్‌ఐటీ. మరుసటి ఏడాదే, 1960లో, అమెరికాలో ఆర్‌ఎస్-232 ప్రమాణం వచ్చింది. టెలిటైపుల్ని మోడెమ్‌లకు కలపడానికి పుట్టిన ఈ పద్ధతే తర్వాత ల్యాబ్ మీటర్లను కంప్యూటర్లకు కలిపింది.

అంతకుముందు? రాత్రంతా కొలవాలంటే తరచూ స్టూడెంట్ రాత్రంతా మేలుకుని రీడింగులు రాసుకోవాల్సి వచ్చేది. సీరియల్ పోర్టు వచ్చాక కంప్యూటరే అడుగుతుంది, మీటరు జవాబిస్తుంది. 9600 బాడ్ అంటే సెకనుకు దాదాపు 960 అక్షరాలే. వాట్సాప్ ఫొటోకి చాలదు గానీ, వోల్టేజీ రీడింగ్‌కి ధారాళం!

ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టు లేదు. అలాగని పాత మీటర్ని తుక్కుకి వేసేయకండి. యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించి, రెండు వైపులా బాడ్ రేటు ఒకటే పెట్టి చూడండి. పలకొచ్చు!