డ్రంక్‌ అండ్‌ డ్రైవ్‌లో అరెస్టయితే బెయిల్‌ ఎలా? షూరిటీ సంతకం పెడితే ఏమవుతుంది?

శనివారం అర్ధరాత్రి ఫోన్‌ మోగుతుంది. ‘‘చెకింగ్‌లో దొరికిపోయాన్రా. స్టేషన్‌లో ఉన్నా. షూరిటీ కావాలంటున్నారు’’ అని స్నేహితుడి గొంతు. ఆధార్‌ కార్డు జేబులో పెట్టుకుని పరిగెడతాం. చూపించిన చోట సంతకం చేసి, అతణ్ని ఇంటికి తీసుకొస్తాం. ఆ కాగితంలో ఏం రాసి ఉందో చదివేవారు తక్కువ. కొన్నిసార్లు ‘‘ఇంత ఇవ్వండి, నేను చూసుకుంటా’’ అంటూ మధ్యవర్తులూ తగులుతారు.

మామూలు డ్రంక్‌ అండ్‌ డ్రైవ్‌ కేసులో బెయిల్‌ ఒకరి దయ కాదు, డబ్బిచ్చి కొనుక్కునేదీ కాదు. అది చట్టం ఇచ్చిన హక్కు. కానీ దానికోసం పెట్టే సంతకానికి మాత్రం బరువుంది.

ఎంత తాగితే కేసు?

మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్‌ ఉంటే నేరం. తొలిసారి దొరికితే 6 నెలల వరకు జైలు లేదా రూ.10 వేల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు లేదా రూ.15 వేల జరిమానా, లేదా రెండూ.

దొరికిన ప్రతి ఒక్కరినీ అరెస్టు చేయరు. హైదరాబాద్‌లో సాధారణంగా బండిని స్వాధీనం చేసుకుని, గోషామహల్‌, బేగంపేట లాంటి ట్రాఫిక్‌ శిక్షణ కేంద్రాల్లో కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. తర్వాత కోర్టులో హాజరుపరుస్తారు. అయితే వారెంట్‌ లేకుండా అరెస్టు చేసే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. పరీక్షకు నిరాకరించినా అరెస్టు చేయవచ్చు.

అరెస్టు చేస్తే ఏం జరగాలి?

అరెస్టయిన 2 గంటల్లోగా వైద్యుడితో పరీక్ష చేయించాలి. లేదంటే కస్టడీ నుంచి వదిలేయాలని సెక్షన్‌ 202 చెబుతోంది. అరెస్టుకు కారణం చెప్పాలి. కుటుంబ సభ్యులకో, మీరు చెప్పిన మరొకరికో సమాచారం ఇవ్వాలి. బెయిల్‌ హక్కు ఉందని, షూరిటీలను ఏర్పాటు చేసుకోవచ్చని చెప్పడం కూడా పోలీసుల బాధ్యతే. బెయిల్‌ ఇవ్వకుండా ఉంచితే 24 గంటల్లోగా మెజిస్ట్రేట్‌ ముందు హాజరుపరచాలి.

బెయిల్‌ హక్కు ఎలా అయింది?

నేరాలు రెండు రకాలు. బెయిలబుల్‌, నాన్‌ బెయిలబుల్‌. మోటారు వాహనాల చట్టం లాంటి ప్రత్యేక చట్టాల కింద శిక్ష 3 ఏళ్ల లోపు ఉంటే అది బెయిలబుల్‌. సెక్షన్‌ 185 ఈ కోవలోకే వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్‌) సెక్షన్‌ 478 ప్రకారం, ఇలాంటి కేసులో షూరిటీ ఇవ్వడానికి సిద్ధపడితే స్టేషన్‌ అధికారే విడుదల చేయాలి. స్టేషన్‌ బెయిల్‌ అనేది ఇదే.

బాండ్‌కు, బెయిల్‌ బాండ్‌కు తేడా ఏంటి?

‘పిలిచినప్పుడు వస్తాను’ అని నిందితుడు ఒక్కడే రాసిచ్చేది బాండ్‌. దీన్నే వ్యక్తిగత పూచీకత్తు అంటారు. అతడితో పాటు మరొకరు కూడా ‘ఇతను వస్తాడు, నాదీ పూచీ’ అని సంతకం చేస్తే అది బెయిల్‌ బాండ్‌. ఆ మరొకరే షూరిటీ, అంటే జామీనుదారు.

సంతకం చేసేటప్పుడు డబ్బు కట్టాలా?

అక్కర్లేదు. ‘రూ.10 వేలకు షూరిటీ’ అంటే ఆ రోజు రూ.10 వేలు చెల్లించాలని కాదు. నిందితుడు రాకపోతే అంత మొత్తానికి బాధ్యత వహిస్తానని అర్థం. షూరిటీ బదులు నగదు డిపాజిట్‌ చేసేందుకు అధికారి లేదా కోర్టు అనుమతిస్తే, అది వేరే సంగతి. అప్పుడు తప్పకుండా రశీదు తీసుకోండి. రశీదు లేకుండా ‘బెయిల్‌ ఖర్చు’ అని ఎవరు అడిగినా ఇవ్వకండి.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో బెయిల్‌ బాండ్‌ ఏజెంట్లు బెయిల్‌ మొత్తంలో దాదాపు 10 శాతం ఫీజుగా తీసుకుని పూచీ పడతారు. కేసు కొట్టేసినా ఆ ఫీజు తిరిగి రాదు. మన చట్టంలో అలాంటి కమీషన్‌ వ్యాపారానికి చోటు లేదు.

నిందితుడు కోర్టుకు రాకపోతే?

షూరిటీకి కష్టాలు అప్పుడే మొదలవుతాయి. కోర్టు బాండ్‌ను జప్తు చేసి, డబ్బు కట్టమని లేదా ఎందుకు కట్టనక్కర్లేదో చెప్పమని నోటీసు ఇస్తుంది. సరైన కారణం చూపకపోతే జరిమానా వసూలు చేసినట్టే ఆ మొత్తాన్ని రాబడుతుంది. అలా వసూలు కాకపోతే షూరిటీని 6 నెలల వరకు సివిల్‌ జైల్లో ఉంచే వీలుంది. పరిస్థితిని బట్టి కొంత తగ్గించే అధికారం కూడా కోర్టుకు ఉంది.

సరైన కారణం లేకుండా హాజరుకాని నిందితుడిపై భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్‌) సెక్షన్‌ 269 కింద మరో కేసు పెట్టవచ్చు. ఏడాది వరకు జైలు పడవచ్చు. రూ.10 వేల జరిమానాతో పోయే కేసు ఇలా పెద్దదవుతుంది.

షూరిటీ నుంచి తప్పుకోవచ్చా?

తప్పుకోవచ్చు. స్నేహితుడు ఫోన్‌ ఎత్తడం లేదు, వాయిదాకు వచ్చేలా లేడు అనిపిస్తే మెజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేసుకోండి. కోర్టు నిందితుణ్ని రప్పించి, మీ బాండ్‌ రద్దు చేసి, వేరే షూరిటీ తెచ్చుకోమంటుంది. బాండ్‌ జప్తు కాకముందే ఈ పని చేయాలి.

షూరిటీ ఇచ్చేవారు లేకపోతే?

సొంతూరు వదిలి నగరానికి వచ్చినవారికి ఇదే పెద్ద సమస్య. స్తోమత లేనివారిని షూరిటీ లేకుండా వ్యక్తిగత బాండ్‌పైనే వదలాలి. అరెస్టయిన వారంలోగా బెయిల్‌ బాండ్‌ ఇవ్వలేకపోతే స్తోమత లేనట్టే భావించాలని చట్టంలో ఉంది. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. న్యాయ సేవల హెల్ప్‌లైన్‌ 15100.

ప్రమాదం జరిగితే?

లెక్క మారిపోతుంది. తాగి నడిపి ఎవరి మరణానికైనా కారణమైతే, తాను చేసేది ప్రాణం తీయవచ్చని తెలిసే చేశాడన్న ఆరోపణతో బీఎన్‌ఎస్‌ సెక్షన్‌ 105 కింద కేసు పెట్టవచ్చు. అది నాన్‌ బెయిలబుల్‌. స్టేషన్‌లో షూరిటీ సంతకంతో బయటికి రావడం కుదరదు. బెయిల్‌ ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు నిర్ణయిస్తుంది.

సంతకానికి ముందు ఈ నాలుగూ చూడండి

• బాండ్‌ మొత్తం ఎంత?
• ఏ కోర్టు, ఏ తేదీ?
• ఖాళీ గళ్లు ఏమైనా వదిలేశారా?
• బాండ్‌ కాగితం ఫొటో తీసుకున్నారా?

బెయిల్‌ వచ్చినంత మాత్రాన కేసు ముగిసినట్టు కాదు. లైసెన్స్‌పై చర్య ఉండొచ్చు, కోర్టు శిక్ష వేయొచ్చు. వాయిదా తేదీని నిందితుడి ఫోన్‌లోనే కాదు, షూరిటీ ఇచ్చిన మీ ఫోన్‌లోనూ రిమైండర్‌గా పెట్టుకోండి. అతను ఆ రోజు కోర్టు మెట్లెక్కితేనే మీ సంతకం క్షేమం.